కంటి వాకిట మెదడు వార్త

2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరు వన్‌టౌను ప్రాంతమున జనులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగిరి. కొలది దినములలో 600 మందికి పైగా జబ్బుపడిరి. విషమించినవారిని విజయవాడకు తరలించిరి. తలకు తీసిన సీటీ చిత్రములందును, వెన్నునీటి పరీక్షలందును దోషము కనబడలేదు. అంతట వెదకులాట విషములవైపు మరలెను. ఢిల్లీ ఎయిమ్స్‌వారు రక్తములో సీసము, నికెలు ఉన్నవనిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు పురుగుమందుల జాడలు చూపిరి.

మూర్ఛరోగిని చూచిన వైద్యునికి తోచు తొలి సందేహములలో ఒకటి, పుర్రెలో ఒత్తిడి పెరిగినదా యని. పుర్రె ఎముకల పెట్టె. మెదడు ఉబ్బినచో లోపల చోటులేదు. ఆ సంగతి బయటినుండి తెలియుటెట్లు? వైద్యులు ఏనాడో కంటిని ఆశ్రయించిరి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలిభాగమును చూపు పరికరమును లోకమునకు అందించెను. 1860లో బెర్లినులో ఫాన్ గ్రేఫె, మెదడులో గడ్డలున్నవారి దృష్టినాడి మొదలు ఉబ్బియుండుటను వర్ణించెను. 1891లో క్వింకె వెన్నులో సూది గ్రుచ్చి నీటి ఒత్తిడిని కొలిచెను. మెదడులో గడ్డయున్నవానికి ఆ సూది ప్రాణాంతకము కావచ్చును. కంటిలోని ఉబ్బు తేలుటకో, గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. అంతదాక రోగి ఆగునా?

దృష్టినాడి నిజమునకు మెదడు సాచిన చేయి. మెదడును చుట్టిన పొరలే, వాని నడుమ నీరే, దానివెంట కనుగ్రుడ్డు వెనుకదాక వచ్చును. లోన ఒత్తిడి హెచ్చినచో ఆ ఒర నిమిషములలోనే ఉబ్బగలదు. 1956లో మండ్టు, హ్యూస్ అనువారు కంటి పరీక్షకు శబ్దతరంగములను వినియోగించిరి. 1990 దశకమున జర్మనీలో హెల్మ్కె, హాన్సెన్ ఆ తరంగములతోనే ఒర వెడల్పును కొలిచి, ఒత్తిడితో దానికిగల సంబంధమును చూపిరి. మూసిన రెప్పపై జెల్లు పూసి, కనుగ్రుడ్డుకు 3 మిల్లీమీటర్ల వెనుక కొలుతురు. పెద్దలలో 5 మిల్లీమీటర్లు దాటినచో అనుమానింపవలెను. గీత కచ్చితముగా ఎచ్చట గీయవలెనో పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. కొలుచువాని చేతినేర్పు కూడ లెక్కకు వచ్చును.

కొల్లేటి లంకలో చెట్టుమీదనుండి పడినవానిని, తాడేపల్లిగూడెము దారిలో తలకు దెబ్బ తగిలినవానిని తలచుకొందము. 2023లో ఏలూరున ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. అయినను లంకనుండి సీటీ గదికి ప్రయాణము ప్రయాణమే. ఒకే రాత్రి పదులకొలది మూర్ఛరోగులు వచ్చినచో ముందెవరిని లోనికి పంపవలెను? మంచమువద్దకే వచ్చు ఈ చిన్న పరికరము అచ్చట అక్కరకు వచ్చును. సీటీకి ఇది బదులు కాదు. కనుగ్రుడ్డు చితికినదను అనుమానమున్నచో మాత్రము దీనిని రెప్పపై ఆనింపరాదు.