పట్టిక రూపు మార్చుటకు ముందు: పహాణీ నుండి భూభారతి దాక

వరంగల్లు ప్రాంతమున భూమి తగవు ఏదైన తహసీలు కచేరీకి వచ్చినచో, తెలిసిన పెద్దలు వెదకించు పాత పుస్తకము ఒకటి కలదు. అది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అప్పటికి వరంగల్లు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉన్నది, పట్టాదారు ఎవరు, అనుభవించునది ఎవరు అను సంగతులను గళ్లు గీసిన కాగితముపై సిరాతో వ్రాసి ఉంచిరి. డెబ్బది యేండ్లు గడచినను ఆ పుస్తకమునకు విలువ తగ్గలేదు. ఎందువలన తగ్గలేదో ఆలోచించినచో, నేటి కంప్యూటరు శాస్త్రములోని ఒక ముఖ్యమైన జాగ్రత్త మనకు బోధపడును.

పహాణీని ఏటేట కొత్తగా వ్రాసెడివారు. నిరుటి పుస్తకము దస్త్రముల గదికి చేరెడిది. పై అధికారులు ఒక కాలమును కొత్తగా చేర్చినను, ఉన్నదానిని తీసివేసినను, ఆ మార్పు రాబోవు పుస్తకమునకే వర్తించెడిది. పాత పుస్తకములో ఒక్క అక్షరము కూడ చెదరెడిది కాదు. ఏ గడిలోను ఇమడని సంగతి వచ్చినచో పట్వారీ దానిని చివరనున్న కైఫియతు గడిలో వ్రాసెడివాడు. ఈ విధముగా కాగితము అడుగకుండగనే రెండు రక్షణలను ఇచ్చినది. వెనుకటి ప్రతి నిలిచియుండుట ఒకటి. వింత సంగతులకు చోటు దొరకుట రెండవది.

కంప్యూటరు వచ్చిన పిదప పుస్తకమునకు బదులు డేటాబేస్ ఏర్పడినది. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు, ఎంతటి సమాచారమునైనను పట్టికలుగా అమర్చవచ్చునని ఒక వ్యాసములో ప్రతిపాదించెను. నేడు బ్యాంకులు, రైల్వేలు, కచేరీలు వాడు డేటాబేసులలో చాల భాగము ఆ భావనపైననే నిలిచియున్నవి. ఏ పట్టికలో ఏయే కాలములు ఉండవలెను, ఏ కాలములో అంకె, దేనిలో అక్షరము, దేనిలో తేదీ ఉండవలెను అను ఏర్పాటునకు స్కీమా అని పేరు. ఇల్లు కట్టుటకు గీసిన పటము వంటిది స్కీమా. ఇంటిలోని సామానువంటివి దానిలో చేరు వివరములు.

ఇక్కడనే చిక్కు ఉన్నది. కాగితమువలె గాక, కంప్యూటరులో స్కీమాను మార్చు ఒక్క ఆజ్ఞ లక్షల వరుసలను ఒకేసారి తాకును. అదియు ఉన్నచోటనే తాకును. వేరుగ ప్రతి తీసి ఉంచనిచో నిరుటి పుస్తకమనునది ఉండదు. జనము కాపురమున్న ఇంటికి గోడలు మార్చుట వంటి పని యిది.

ఒక ఉదాహరణము చూతము. మన ప్రాంతమున ఎకరమునకు 40 గుంటలు. 2 ఎకరముల 30 గుంటలను 2.30 అని వ్రాయుట వాడుక. చుక్కకు కుడిప్రక్కనున్నది దశాంశము కాదు, గుంటలు. ఈ కాలము మొదట అక్షరముల కాలముగా ఉన్నదనుకొనుడు. కూడికలు సులభమగునని ఎవరో దానిని అంకెల కాలముగా మార్చిరి. కంప్యూటరుకు 2.30 అన్నను 2.3 అన్నను ఒకటే. కనుక తెరపై 2.3 కనిపించును. చూచినవాడు దానిని 2 ఎకరముల 3 గుంటలుగా చదువును. 27 గుంటలు, అనగా 3,267 చదరపు గజముల నేల, ఎవరును దున్నకుండగనే మాయమైనది! కూడికయు చెడును. 1.30, 2.20 అను రెండు కమతములను కలిపిన సరియైన మొత్తము 4 ఎకరముల 10 గుంటలు. యంత్రము మాత్రము 3.50 అని చెప్పును. ఆజ్ఞలో భాషాదోషము లేదు గనుక యంత్రము ఎట్టి హెచ్చరికయు చేయదు.

సర్వే నంబరు సంగతియు ఇట్టిదే. 125 అను నంబరు అంకె. కాని 125/అ, 125/ఆ అని ఉపవిభాగములైన పిదప అది అంకె కాదు. పది వరుసల మాదిరి పట్టికను వ్రాసుకొని పరీక్షించినచో ఆ పదింటిలో 125/ఆ ఉండకపోవచ్చును, పరీక్ష నెగ్గును. నిజమైన గ్రామపు పట్టికలో అది తప్పక ఉండును. మార్పు అక్కడ విఫలమగును. కనుక మార్పును పరీక్షించుటకు మాదిరి చాలదు, అసలు పట్టికకు పూర్తి ప్రతి కావలెను.

ఇక మన రాష్ట్ర చరిత్రను చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషను కచేరీలను కంప్యూటరు పద్ధతికి తెచ్చిన కార్డ్ అను పథకము 1998లో ఆరంభమైనది. తెలంగాణ ఏర్పడిన పిదప 2017లో ఊరూర భూరికార్డులను సరిచూచిరి. 2018 మే నెలలో రైతుబంధు పథకము మొదలై, పట్టాదారులకు ఎకరమునకు పంటకాలమునకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చుటకు ఆ రికార్డులే ఆధారమైనవి. 2020 అక్టోబరు 29న ధరణి ఆరంభమైనది. పాత పహాణీలో పట్టాదారునకు ఒక కాలము, అనుభవదారునకు ఒక కాలము ఉండెడివి. ధరణి ఏర్పాటులో రెండవది లేకపోయినది. అది ఉండవలెనా, వలదా అనునది ప్రభుత్వ విధానమునకు సంబంధించిన విషయము. దానిపై రెండు అభిప్రాయములును ఉన్నవి. శాస్త్రవేత్త అడుగు ప్రశ్న వేరు: ఆ కాలమును ఇంతవరకు ఎవరెవరు చదువుచుండిరి? కౌలుదారు చదువుచుండెనా, అప్పు ఇచ్చువారు చదువుచుండిరా, న్యాయస్థానము చదువుచుండెనా? ఒక కాలమును తొలగించుట క్షణములో జరుగును. దానిని నమ్ముకొనినవారి పట్టిక మాత్రము ఏ యంత్రములోను ఉండదు. వెదకి తయారు చేసికొనవలెను.

ఆ సంవత్సరముననే మరియొక సంఘటన జరిగినది. వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషనును సైతము ధరణి పద్ధతిలో 2020 డిసెంబరులో మొదలిడిరి. దరఖాస్తులో ఆధార్ మున్నగు స్వవిషయములను అడుగుటపై రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము అభ్యంతరము తెలిపినది. ఆ నెలలోనే ప్రభుత్వము వ్యవసాయేతర రిజిస్ట్రేషనులను పాత కార్డ్ పద్ధతికి మరల్చినది. మరలుట ఎట్లు సాధ్యమైనది? పాత ఏర్పాటు ఇంకను పనిచేయు స్థితిలో ఉండుటవలన. దానిని అప్పటికే కూల్చివేసియున్నచో, ఇండ్లు కొనువారు, అమ్మువారు కొత్త పద్ధతి సిద్ధమగువరకు వేచియుండవలసి వచ్చెడిది. తిరుగుదారిని ఉంచుకొనుట అనగా ఇదియే.

తిరుగుదారి లేనివారి పాట్లు ఇంగ్లాండులో కనిపించినవి. 2018 ఏప్రిలులో టీఎస్‌బీ అను బ్యాంకు ఏబది లక్షలకు పైబడిన ఖాతాదారుల వివరములను ఒక్క వారాంతములో కొత్త యంత్రములకు తరలించెను. సోమవారమునుండి లక్షలాది జనులకు తమ ఖాతాలు అందలేదు. తరువాత జరిగిన విచారణలో, రెండు యంత్రశాలలు ఉండగా భారపరీక్ష ఒక్కదానికే చేసిరని తేలినది. 2022 డిసెంబరులో ఆ బ్యాంకునకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా పడినది.

అట్లయిన సురక్షితముగా పరీక్షించు పద్ధతి ఏది? మొదట, వాడుకలోనున్న పట్టికకు పూర్తి ప్రతిని వేరొక యంత్రముపై సిద్ధము చేయవలెను. పేర్లు, ఆధార్ అంకెల వంటి వానిని మరుగుపరచవలెను గాని, 125/ఆ వంటి వింతలను తుడువరాదు. పరీక్షకు ప్రాణము అవియే. రెండవది, మార్పునకు ముందును వెనుకను కొలతలు తీయవలెను: వరుసలు ఎన్ని, గ్రామపు మొత్తము విస్తీర్ణమెంత, గుంటల చోట 39కి మించిన అంకె ఎక్కడైన ఉన్నదా? రెండు కొలతలు సరిపోలవలెను. మూడవది, మార్పు పట్టు కాలమును గడియారముతో చూడవలెను. పెద్ద పట్టికను మార్చునపుడు కొన్ని మార్పులకు దానికి తాళము పడును. అంతసేపు ఇతరులు దానిలో వ్రాయజాలరు. నాల్గవది, వెనుకకు మరలుటను సైతము అభ్యసింపవలెను. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులలో స్కీమా మార్పులను చాలవరకు ఒక లావాదేవీలో ఉంచి, ఖాయపరచుటకు ముందు రద్దు చేయవచ్చును. మైఎస్‌క్యూఎల్‌లో అట్టి ఆజ్ఞ నెరవేరినంతనే స్థిరపడును. ఏదైనను, తొలగించి ఖాయపరచిన కాలమును మరల చేర్చినచో ఖాళీ గళ్లే వచ్చును. వానిలోని వివరములు రావు.

అన్నిటికంటె మేలైన ఉపాయము పాతదానిని వెంటనే తీసివేయకుండుట. దీనిని మన దేశము 1957లోనే నాణెములతో చేసి చూపినది. ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలు అయినవి. అంతకుముందు రూపాయికి 16 అణాలు. పావలాకు 25 నయాపైసలని సరిగా కుదిరినది. అణాకు మాత్రము ఆరుంబావు వచ్చినది. చిల్లర చిక్కు అక్కడనే పుట్టినది. అందుచేత కొంతకాలము పాత నాణెములు, కొత్త నాణెములు కలిసియే చెల్లినవి. జనము అలవాటు పడిన పిదపనే పాతవి తప్పుకొనినవి. డేటాబేసులోను అంతే: పాత కాలము ప్రక్కన కొత్త కాలమును చేర్చవలెను, కొన్నాళ్లు రెండింటను వ్రాయవలెను, రెండును సరిపోలుచున్నవని తేలి, చదువువారందరు కొత్తదానికి మారిన పిదప పాతదానిని తీయవలెను.

మార్పును ముందు చిన్నచోట ప్రవేశపెట్టుట మరియొక జాగ్రత్త. ధరణిపై ఫిర్యాదులు పెరుగగా, 2024 జనవరిలో ప్రభుత్వము ఒక కమిటీని నియమించినది. తరువాత వచ్చిన భూభారతి చట్టము 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చినది. దానిని రాష్ట్రమంతట ఒకేసారి గాక, మొదట నాలుగు మండలములలో ప్రయోగాత్మకముగా చేపట్టిరి: మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్. ఈ వెంకటాపూర్ నేడు ములుగు జిల్లాలోనిది. 2016 వరకు మన వరంగల్లు జిల్లాలోనిదే. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఆ మండలములోనిదే. అక్కడ గ్రామసదస్సులు పెట్టి రైతుల దరఖాస్తులను తీసికొనిరి. జూన్ నాటికి ఆ సదస్సులు రాష్ట్రమంతట విస్తరించినవి. పరీక్షకు వచ్చినది కంప్యూటరు పట్టిక మాత్రమే కాదు, చట్టమును కచేరీ పద్ధతియు కూడ. అయినను సూత్రము ఒకటే: తప్పు దొరకవలసినదైనచో నాలుగు మండలములలో దొరకుట మేలు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. పిల్లలచే పది కమతముల పట్టికను వ్రాయించి, విస్తీర్ణములను ఎకరములు గుంటలలో ఉంచుడు. ఆ కాగితమును ముట్టుకొనక, దాని ప్రతిపై అన్నిటిని దశాంశ ఎకరములకు మార్పించుడు. 2.30 అనునది 2.75 కావలెను. తరువాత ఆ ప్రతిని మాత్రమే వేరొక విద్యార్థికి ఇచ్చి, మరల గుంటలలోనికి తెమ్మనుడు. తుదకు మొదటి కాగితముతో పోల్చుడు. ఒక్క గుంట తేడా వచ్చినను, అది ఎవరి పొలములోనిదో పిల్లలు వెదకి చెప్పవలెను.