తెరచాప పడవ పందెం: పిల్లలు నేర్చేది, పెద్దలు నడిపేది

వేసవి సెలవులు దగ్గరపడితే మన సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఈత గురించి, క్రికెట్ క్యాంపుల గురించి అడుగుతారు. తెరచాప పడవల సంగతి అడిగేవారు అరుదు. అది డబ్బున్నవాళ్ళ ఆట అనో, సముద్రమంటే ప్రమాదం అనో వదిలేస్తారు. తరాలుగా చెన్నైలో ఉంటున్న మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడి ఓడరేవులోనే తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ పిల్లలకు ఈ ఆట నేర్పుతోంది. నేత్రా కుమనన్ 2009లో అక్కడి వేసవి శిబిరంలోనే మొదలుపెట్టారు. 2021 ఏప్రిల్‌లో ఒమన్‌లోని ముసన్నాలో జరిగిన అర్హత పోటీల ద్వారా, సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. గణపతి, వరుణ్ ఠక్కర్ జంట కూడా చెన్నైవారే. 2018 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు.

పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ఒకే తెరచాప, ఒక్కరే నడపాలి. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ దీన్ని తయారుచేశారు. పదిహేనేళ్ళు నిండే ఏడాది వరకు ఇందులో పోటీ చేయవచ్చు. తరువాత ఇల్కా 4, ఇల్కా 6 వస్తాయి. వీటినే మొన్నమొన్నటిదాకా లేజర్ అనేవారు. పడవ ఒకటే, వయసును, బరువును బట్టి తెరచాప మారుతుంది. ఎదురుగాలికి పడవ తిన్నగా పోదు, అటూ ఇటూ మళ్ళిస్తూ పోవాలి. పిల్లలు అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుకునే విద్య అదే.

మనవాళ్ళు ఎవరూ పట్టించుకోని సగం ఇంకొకటుంది, పందెం నడపడం. నడిపే మనుషులు లేకపోతే ఎంత మంచి కోచ్ ఉన్నా పిల్లలకు పోటీ అనుభవం రాదు.

బయలుదేరే గీత నీటి మీద ఊహాగీత. ఒక కొసన కమిటీ పడవ, రెండో కొసన బోయా. గాలి మళ్ళితే ఆ గీతనూ మళ్ళీ సరిచేయాలి. బయలుదేరడానికి 5 నిమిషాల ముందు ఆ తరగతి జెండా ఎత్తుతారు. 4 నిమిషాల ముందు సాధారణంగా నీలం మీద తెల్ల చతురస్రం ఉన్న పి జెండా ఎత్తుతారు, 1 నిమిషం ముందు దాన్ని దించుతారు. తరగతి జెండా దిగిన క్షణమే పందెం మొదలు. ప్రతిసారీ హారన్ మోగిస్తారు కానీ లెక్క జెండాదే, హారన్ మోగకపోయినా సరే. ఎవరైనా ముందే గీత దాటితే తెలుపు మీద నీలం శిలువ ఉన్న ఎక్స్ జెండా ఎత్తుతారు. ఆ పడవ వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరాలి. చాలామంది దాటేసి గుర్తుపట్టడం కష్టమైతే అందరినీ వెనక్కి పిలుస్తారు.

మార్కులు గుమాస్తా బుద్ధికి నచ్చే పద్ధతి. మొదటివారికి 1, రెండోవారికి 2, మొత్తం తక్కువ వచ్చినవారు గెలిచినట్టు. 30 పడవలుంటే పందెం పూర్తిచేయనివారికి 31.

కొన్నేళ్ళ క్రితం ఒక పోటీకి చూడ్డానికి వెళ్ళాను. గమ్యం దగ్గర రాసేవారు తడిసిన కాగితం మీద తెరచాప నంబరులో 7ను 1గా వేశారు. నాలుగో స్థానంలో వచ్చిన పిల్లకు పూర్తిచేయనట్టు మార్కులు పడ్డాయి. గడువులోపల కోచ్ చూశాడు కాబట్టి సరిదిద్దారు. ఆ పిల్ల అప్పటిదాకా ఏడుస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఆ పని నాకిస్తే బాగుండును అనిపించింది. ఇద్దరు వేరువేరుగా రాసి తర్వాత పోల్చుకుంటే ఇలాంటివి దొరికిపోతాయి.

అందుకే రిటైరైనవారు, బ్యాంకుల్లో పనిచేసినవారు కూడా అడగవచ్చు. జెండాలు ఎత్తడం, సమయం చూడడం, నంబర్లు రాయడం నేర్చుకోవడానికి పడవ నడపడం రానక్కరలేదు. నియమావళి నాలుగేళ్ళకోసారి మారుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2025 నుంచి 2028 వరకు.

ఖర్చు మాట దాచను. నేర్చుకునే దశలో క్లబ్బు పడవలే వాడతారు, పోటీల స్థాయికి వెళితే సొంత పడవ, ప్రయాణాలు భారమే. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ళ పిల్లలకు నేర్పి జాతీయ పోటీలకు పంపుతోంది. కాబట్టి దారి లేకపోలేదు.

చేర్పించే ముందు పిల్లకు ఈత రావాలి. లైఫ్ జాకెట్ బిగుతుగా ఉందో లేదో భుజాల దగ్గర పట్టి పైకి లాగి మీరే చూడండి, గడ్డం దాటి పైకి రాకూడదు. వెంట వచ్చే రక్షణ పడవలు ఎన్ని, వాటిలో ఎవరుంటారు అని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.