సీసా మీది పేరు, కాగితం మీది రంగు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

పచ్చకర్పూరం చూడబోతే తెల్లగా ఉంటుంది. నల్లేరు కాడ పచ్చగా ఉంటుంది. ఇవి మనకు అలవాటే గనుక ఎవరమూ మోసపోము. కానీ ఇంకుసీసా మీది పేరు నమ్మి మోసపోయినవాళ్లున్నారు. మా చిన్నమ్మ అందులో ఒకతె. ఆమె సంగతి చెప్పాలనే కూర్చున్నాను. అది అర్థం కావాలంటే సిరా చరిత్ర కూడా కొంత చెప్పక తప్పదు, కాస్త ఓపిక పట్టండి.

మా చిన్నమ్మది సిద్దిపేట. 1970ల తొలి రోజుల్లో ఆమె ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్లతో ఒక చిట్టీ నడిపేది. బీడీలు చుట్టేవాళ్లు, మగ్గాల ఇళ్లవాళ్లు, మొత్తం పద్ధెనిమిది మంది. నెలకు ఐదు రూపాయలు. ఇప్పుడు నవ్వొస్తుందేమో గాని, ఆ రోజుల్లో బీడీలు చుట్టే ఇంట్లో ఐదు రూపాయలు పక్కకు తీయడమంటే మాటలు కాదు. చిన్నమ్మకు తెలుగు, ఉర్దూ చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. లెక్కల పుస్తకం మొదటి పేజీలో పద్ధెనిమిది పేర్లూ వీధిలో ఉండే పంతులుగారు తన పెన్నుతో వరసగా రాసిచ్చారు. నెలనెలా ఎవరెంత కట్టారో రాసుకునేది మాత్రం చిన్నమ్మే. దానికోసం ఆమె ప్రత్యేకంగా ఒక పెన్ను, ఒక ఇంకుసీసా కొనుక్కుంది. దుకాణంలో, "మంచిదేదో ఇయ్యి సేటూ" అంటే, "ఇది రాయల్ బ్లూ అమ్మా, రాజులు వాడే నీలం" అని చేతిలో పెట్టాడట. రంగు కూడా ఎంత బాగుండేదో! నెమలికంఠం లాగా మెరిసేది.

ఆ పేర్ల సంగతి ఇక్కడ కొంచెం చూద్దాం. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన మా పెద్దవాళ్లు సిరాను రెండు మాటలతో పిలిచేవారు. ఒకటి సియాహీ. 'సియాహ్' అంటే పారసీకంలో నలుపు. అంటే సియాహీ అన్నది అసలు నల్లదనమే. అయినా 'లాల్ సియాహీ' అనడానికి ఎవరూ వెనకాడలేదు, ఎర్రటి నలుపన్నమాట! రెండోది రోష్నాయి. రోష్నీ అంటే వెలుగు కదా, ఆ వెలుగు పేరే ఈ నల్లటి నీళ్లకు పెట్టారు. సంస్కృతంలో సిరాకు మషి అని పేరు. మన వంటింటి మసి అదే. ఇంగ్లీషువాళ్ల 'ఇంక్' అన్న మాట మూలం ఇంకా చిత్రం. పూర్వం రోము చక్రవర్తులు సంతకానికి వాడిన ఊదా ఎరుపు సిరాకు గ్రీకు, లాటిన్ భాషల్లో ఉన్న పేరు నుంచి వచ్చిందట అది. ఇవాళ ఏ రంగుదైనా ఇంకే.

మన వైపు తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు సిరాతో పనే లేదు. గీతలు పడ్డాక మసి రుద్దితే అక్షరం కనబడేది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో, నకాషీవాళ్లు పటాల మీద నల్లగీత గీయడానికి దీపపు మసినే వాడుకునేవారు. మసికి ఒక గుణముంది. రాసేటప్పుడు ఏ రంగో, వందేళ్లకూ అదే రంగు. పేరూ నలుపే, వస్తువూ నలుపే. చిక్కంతా రెండో రకం నలుపుతో వచ్చింది.

ఆ రెండో రకం మీకు నాకంటే బాగా తెలుసు. ఇనప కత్తిపీట మీద పచ్చి అరటికాయ తరిగి, కడగకుండా వదిలేస్తే ఏమవుతుంది? పీట నల్లబడుతుంది, మన వేళ్లూ నల్లబడతాయి. కాయలోని వగరుకూ ఇనుముకూ పొత్తు కుదిరితే నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు చేసేదీ ఇదే. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన కసిమితో దాని మీద గీస్తారు. కుండలో చూస్తే అది నల్లగా ఉండదు. బట్టకు తగలగానే నలుపు తిరుగుతుంది.

పశ్చిమ దేశాల్లో కరక్కాయకు బదులు మాచికాయ వాడారు. పసిపిల్లలకు అరగదీసి పోస్తామే, అదే. అది నిజానికి కాయ కాదు, ఓక్ చెట్టు మీద ఒక రకం కందిరీగ గుడ్డు పెడితే పుట్టే బుడిపె. దాని రసంలో అన్నభేది కలిపితే సిరా అయ్యేది. అయితే జాడీలోనే గాలి తగిలి నల్లబడి, అడుగున మడ్డి పేరుకునేది. 1832లో లండనులో హెన్రీ స్టీఫెన్స్ అనే వైద్యుడు సిరా వ్యాపారం మొదలుపెట్టాడు. వైద్యం చదివే రోజుల్లో కవి కీట్సుతో ఒకే గదిలో ఉన్నవాడాయన. నలుపు జాడీలో కాదు, కాగితం మీదే పుట్టాలన్నది ఆయన పద్ధతి. కానీ అలా చేస్తే రాసేటప్పుడు అక్షరం కనబడనంత పలచగా ఉంటుంది. అందుకని అప్పటికి కనబడడానికి నీలం కలిపాడు. రాసినప్పుడు నీలం, గాలి తగిలి ఆరేకొద్దీ నలుపు. బ్లూ-బ్లాక్ అంటే ఇదండీ! నీలానికీ నలుపుకూ మధ్యనున్న రంగని మనమంతా అనుకుంటాం గాని, మొదట్లో ఆ పేరుకు అర్థం ముందు నీలం, తరవాత నలుపు అని. ఆ నలుపు కాగితపు పోగుల్లో దిగబడి కూర్చుంటుంది. నీళ్లు పోస్తే పైనున్న నీలం పోతుందేమో గాని నలుపు పోదు. ఇంగ్లండులో పెళ్లిళ్లు, పుట్టుకలు, చావులు నమోదు చేసే రిజిస్టర్లకు అలాంటి సిరానే వాడాలని పట్టుబట్టింది అందుకే. దానికి ఒక్కటే దోషం, పులుపెక్కువ. ఉక్కు పాళీలను తినేస్తుంది. బంగారు పాళీలు మాత్రం తట్టుకున్నాయి.

పేర్ల అన్యాయం జర్మనీలో మరీ ఎక్కువ. 1855 ప్రాంతంలో డ్రెస్డెనులో లియోన్‌హార్డీ అనే ఆయన 'ఆలిజరిన్ సిరా' తయారుచేశాడు. ఆలిజరిన్ అంటే మంజిష్ఠ జాతి వేరులోని ఎర్రరంగు. ఆ సిరా మాత్రం నీలం కలిసిన ఆకుపచ్చగా ఉండి, తరవాత నల్లబడేది. పోనీ, మొదట్లో అందులో ఆ వేరు రంగు కొంత వేసేవారు. తరవాత అదీ మానేశారు. పేరు మాత్రం సీసా మీద అలాగే నిలబడింది.

1856లో పెర్కిన్ అనే కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాక రసాయన రంగుల కాలం వచ్చింది. ఇక సిరాలో ఇనుముతో పని లేకపోయింది. నీళ్లలో రంగు కలిపితే సరి! 1931లో పార్కరు వారి క్వింక్ వచ్చింది. మన దేశంలో అదే ఏడాది దండేకర్లు మొదలుపెట్టిన వ్యాపారమే తరవాత క్యామ్లిన్ అయింది. 1934లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న రాజషాహీలో మైత్రా సోదరులు స్వదేశీ సిరాగా సులేఖ మొదలుపెట్టారు. మన రాజమండ్రిలో రత్నంగారి స్వదేశీ పెన్నులూ ఆ రోజులవే. అప్పటినుంచి సీసాల మీద పేర్లు రెండు జాతులయ్యాయి. పర్మనెంట్ అని ఒకటి, వాషబుల్ అని ఒకటి. రెండోది పాపం, తల్లుల మేలు కోరి చేసిందే. పిల్లలు చొక్కాల మీద ఒలకబోసుకుంటే ఉతుకులో పోవాలని. ఆ నీలానికి సబ్బు, చాకలిసోడా తగిలితే రంగు విరిగిపోతుంది. ఉత్త నీళ్లు తగిలినా నిలవదు. ఎండకూ వెలుస్తుంది. రాజులకూ దానికీ ఏ సంబంధమూ లేదు, చాలా కంపెనీలు దానికి పెట్టిన పేరే రాయల్ బ్లూ. ఇప్పుడు దుకాణాల్లో దొరికే బ్లూ-బ్లాకుల్లోనూ చాలావాటిలో ఇనుము లేదు, నీలం రంగూ నలుపు రంగూ కలిపి పోస్తారంతే. నల్ల ఇంకూ అంతే. నమ్మకపోతే సుద్దముక్క మీద, అడుగుకు కొంచెం పైన, ఒక చుక్క వేసి, చుక్క మునగకుండా గిన్నెలో కాసిని నీళ్లు పోసి నిలబెట్టి చూడండి. చాలా నల్ల ఇంకుల్లోంచి ఊదా, నీలం, ఒక్కోసారి పసుపు చారలు విడివిడిగా పైకి పాకుతాయి. పిల్లలకు మంచి ఆట.

ఇక మా చిన్నమ్మ సంగతి. చిట్టీ పదకొండో నెలలో పెద్ద ముసురు పట్టింది. గూనపెంకుల ఇల్లు, పుస్తకం గోడ గూట్లో ఉంది. రాత్రంతా గోడ వెంబడి నీళ్లు కారాయి. పొద్దున్నే చూసి ఆమె నోట మాట రాలేదట. మొదటి పేజీలో పంతులుగారు రాసిన పద్ధెనిమిది పేర్లూ కొంచెం అలుక్కుని, నల్లగా, చక్కగా చదవ వస్తున్నాయి. ఆయన పెన్నులోది పాతరకం బ్లూ-బ్లాక్. ఆ వెనక పేజీలన్నీ లేత నీలం మేఘాలు. ఎవరెంత కట్టారో ఒక్క అంకె లేదు. పేర్లున్నాయి, పైసలు లేవు!

సీసా తెచ్చి పంతులుగారికి చూపించింది. ఆయన రాయల్ బ్లూ కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మాట చదివి, "అమ్మా, ఇది కడిగితే పోయే ఇంకని ఇక్కడే రాసుంది" అన్నారు. "గంత పెద్దగ రాజు పేరు రాసి, గీ ముచ్చట గింత సన్నగ రాస్తరా సారూ?" అందట చిన్నమ్మ.

తరవాత నెల రోజులు ఆ ఇంట్లో పంచాయితీ. ఎవరు చెప్పిన లెక్క వాళ్లది. ఒకావిడ రెండు నెలలు ఎక్కువ చెప్పిందని అందరికీ తెలుసు, రుజువు లేదు. ఇంకొకావిడ, చిట్టీలో అందరికంటే బీదది, "నాది మూడు నెలలు బాకుంది అక్కా, నువ్వు మర్చిపోయినవ్, నేను మర్వలే" అని తనంతట తానే వచ్చి చెప్పింది. చివరికి చిన్నమ్మ తన వెండి కడియాలు అమ్మి, ఎవరడిగింది వాళ్లకు ఇచ్చేసింది. చిట్టీ మళ్లీ పెట్టింది. ఆ పద్ధెనిమిది మందిలో పదహారు మంది మళ్లీ చేరారు.

ఆ తరవాత ఆమెతో ఇంకు కొనడానికి నేను చాలాసార్లు వెళ్లాను. సేటు పేరు చెప్పబోతే చేత్తో వద్దనేది. అగ్గిపుల్ల సీసాలో ముంచి, కొంగున ముడివేసి తెచ్చుకున్న కాగితం ముక్క మీద తన పేరు రాసేది. ఆరేదాకా అక్కడే అరుగు మీద కూర్చునేది. ఆరాక దుకాణంలోని మంచినీళ్ల గ్లాసు అడిగి తీసుకుని, నాలుగు చుక్కలు దాని మీద చిలకరించి, వెలుతురుకు పెట్టి చూసేది. అక్షరం కదిలితే సీసా వెనక్కి జరిపి, "ఇంకోటి తియ్యి సేటూ" అనేది.