బాల్య లుకేమియా: మెదడు పొరల్లోకి వ్యాప్తి

బాల్యంలో వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఎముకల మూలుగలో పుట్టే ఈ రక్త క్యాన్సర్ కణాలు రక్తంతో పాటు కాలేయం, ప్లీహం, లింఫు గ్రంథులు, మగపిల్లల్లో వృషణాల దాకా చేరతాయి. మెదడును, వెన్నుపామును చుట్టిన పొరల్లోకి, వాటి మధ్యనున్న మస్తిష్కమేరు ద్రవంలోకి చేరడం వీటన్నిటిలో వైద్యులను ఎక్కువ కాలం వేధించింది. రక్తంలోకి ఎక్కించే మందుల్లో చాలావాటికి రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అవరోధం అడ్డు. అందువల్ల శరీరమంతా శుభ్రపడినా ఆ ద్రవంలో మిగిలిన కణాలతో జబ్బు తిరగబెట్టేది.

సుబ్బారావు పరిశోధన, ఫార్బర్ ప్రయోగం

1940లకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోయేవారు. మెదడు లక్షణాలు బయటపడేంత వ్యవధి చాలామందికి ఉండేది కాదు. ఈ పరిస్థితిని మార్చిన మందుల వెనుక తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, హార్వర్డ్‌లో జీవరసాయన పరిశోధన చేసిన ఆయన 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. తర్వాత దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను రూపొందించింది. వేగంగా విభజన చెందే కణాలకు కొత్త డీఎన్‌ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అది పని చేయకుండా ఆపితే క్యాన్సర్ కణం పెరగలేదు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించాడు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ తర్వాతి కాలంలో దాని స్థానాన్ని ఆక్రమించింది.

కొత్త సమస్య

మందుల వల్ల పిల్లల ఆయుష్షు పెరిగేకొద్దీ మెదడు పొరల లుకేమియా పెరుగుతూ వచ్చింది. తలనొప్పి, తెల్లవారుజామున వాంతులు, మెల్లకన్ను, ముఖం ఒకవైపు జారిపోవడం, అదుపులేని ఆకలితో బరువు పెరగడం దాని లక్షణాలు. ముందు జాగ్రత్త చికిత్స లేని రోజుల్లో సగానికి పైగా పిల్లల్లో జబ్బు ఈ దారిలోనే తిరగబెట్టేది. రక్తంలో తెల్లకణాలు బాగా ఎక్కువగా ఉన్నవారికి, టీ-కణ రకం లుకేమియా ఉన్నవారికి, ఏడాది లోపు పసివారికి ప్రమాదం ఎక్కువ.

1958లో న్యూయార్క్ వైద్య బృందమొకటి మెథోట్రెక్సేట్‌ను నడుము దగ్గర వెన్నుపూసల మధ్యగా నేరుగా ద్రవంలోకి ఎక్కించిన అనుభవాన్ని ప్రచురించింది. అవరోధాన్ని దాటలేని మందును దాని అవతలి వైపే దించడం ఈ పద్ధతి సారం. 1962లో మెంఫిస్‌లో మొదలైన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వైద్యుడు డొనాల్డ్ పింకెల్ ఇంకో అడుగు వేశాడు. లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా, పిల్లలందరికీ ముందుగానే తలకు 24 గ్రేల మోతాదులో రేడియేషన్, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇప్పించాడు. 1967–68లో మొదలైన ఈ విధానంతో మెదడులో జబ్బు తిరగబెట్టడం పదిశాతం కన్నా తగ్గింది, దాదాపు సగం మంది పిల్లలు పూర్తిగా కోలుకున్నారు.

రేడియేషన్‌కు పిల్లలు మూల్యం చెల్లించవలసి వచ్చింది. కొందరిలో చదువు మందగించింది, ఎదుగుదల తగ్గింది, ఏళ్ల తర్వాత మెదడులో కొత్త కణితులు వచ్చాయి. వైద్యులు మోతాదును ముందు 18 గ్రేకు తగ్గించి, తర్వాత చాలామంది పిల్లలకు రేడియేషన్‌నే మానుకున్నారు. 2009లో సెయింట్ జూడ్ బృందం రేడియేషన్ లేని చికిత్స ఫలితాలను ప్రకటించింది. అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 93.5 శాతం. మెదడులో మాత్రమే జబ్బు తిరగబెట్టినవారు 2.7 శాతం.

కణాలు వెళ్లే దారి

1973లో ప్రైస్, జాన్సన్ అనే పరిశోధకులు లుకేమియాతో మరణించిన పిల్లల మెదళ్లను పరీక్షించి ఒక క్రమాన్ని గుర్తించారు. కణాలు మొదట మధ్య పొర అయిన అరాక్నాయిడ్ పైభాగంలోని సిరల గోడల్లో చేరతాయి. అక్కడినుంచి ద్రవంలోకి దిగి, లోతైన పొరలకు పాకుతాయి. మెదడు కణజాలంలోకి చొచ్చుకెళ్లడం చివరి దశలో మాత్రమే కనిపించింది.

2009లో జరిగిన పరిశోధనలో టీ-కణ లుకేమియా కణాలపై సీసీఆర్7 అనే గ్రాహకం ఉండి, మెదడు వైపునుంచి వచ్చే రసాయన సంకేతానికి స్పందిస్తుందని తేలింది. 2018లో ఎలుకలపై జరిగిన మరో పరిశోధన రక్త ప్రవాహంతో సంబంధం లేని దారిని చూపింది. పుర్రె ఎముకల, వెన్నుపూసల మూలుగనుంచి మెదడు పొరల ఖాళీలోకి నేరుగా సన్నని రక్తనాళాలు ఉన్నాయి. వాటి బయటి గోడలమీద లామినిన్ అనే ప్రోటీన్ పరుచుకొని ఉంటుంది. లుకేమియా కణాలు తమ ఉపరితలంలోని ఆల్ఫా-6 ఇంటిగ్రిన్‌తో ఆ లామినిన్‌ను పట్టుకొని, పందిరికి ఎగబాకే తీగలా నాళాల వెంట పాకి వెళ్తాయి. రక్త-మెదడు అవరోధాన్ని బద్దలు కొట్టనవసరమే లేదు. గ్లాస్గో పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ద్రవంలోకి చేరే శక్తి కొన్ని కణాలకే పరిమితం కాదు, చాలావాటికి ఉంటుంది. అందుకే మొదటి రోజు పరీక్షలో ద్రవం శుభ్రంగా కనిపించినా ప్రతి బిడ్డకూ వెన్నులోకి మందు ఇస్తారు.

భారతదేశంలో, ఖమ్మం–భద్రాచలం ప్రాంతంలో

1980లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ సహకారంతో ఎంసీపీ-841 అనే చికిత్స క్రమం ముంబయి టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, చెన్నై క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లలో అమలైంది. మెదడు రక్షణ చికిత్స అందులో భాగం. తెలుగు రాష్ట్రాల్లో ఈ జబ్బుకు ప్రధాన ప్రభుత్వ కేంద్రం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు చికిత్స ఖర్చులో ఆసరా అయింది.

భద్రాచలం చుట్టుపక్కల చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ మండలాల కోయ గూడేలనుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడ జ్వరం, రక్తహీనత, ప్లీహం వాపు కనిపిస్తే మొదట మలేరియాను అనుమానించడం సహజమే, కానీ లుకేమియాలోనూ అవే లక్షణాలు ఉంటాయి. మలేరియా మందుతో తగ్గని జ్వరం, పాలిపోవడం, ఒంటిమీద నల్లమచ్చలు, ఎముకల నొప్పి ఉన్న బిడ్డకు రక్తకణాల లెక్క, రక్తపు చుక్క పరీక్ష వెంటనే చేయించాలి. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. బిడ్డ ఆరోగ్యంగా కనిపించినా వెన్నులోకి వేసే మందు వాయిదాలు తప్పకూడదు. ప్రయాణ ఖర్చు, కూలి పోవడం, భాష రాకపోవడం వంటి అడ్డంకులను తీర్చే సాయం దొరికితేనే ఆ పిల్లలకు ఈ చికిత్స ఫలం దక్కుతుంది.