కౌమార మరణములు: నాడు, నేడు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ ఉన్నది. ఉదయమున పుస్తకముల సంచులతో బస్సునకై నిలిచిన పిల్లలు, వారి యెదుట వేగముగా సాగిపోవు లారీలు అచ్చట నిత్యము కనబడు దృశ్యము. దానిని చూచినప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచుచుండును. ఎదుగు పిల్లలను మృత్యువు ఏ కాలమున ఏ రూపమున సమీపించినది?

పది మొదలు పదునాలుగేండ్ల వరకు మానవునకు ప్రాణభయము మిక్కిలి తక్కువ. పసితనపు గండములు గడచినవి, బిడ్డ గట్టెక్కినాడని తల్లిదండ్రులు ఊరట చెందుదురు. కాని పదునైదవ యేటి నుండి మరణములు మరల పెరుగును.

మన తాతల నాడు ఈ ప్రాంతమున మశూచి, కలరా, చలిజ్వరము ప్రధాన శత్రువులు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది సికింద్రాబాదులోనే. మశూచి 1975తో మన దేశమును విడిచిపోయినది. బాలికలకు మరియొక గండముండెను. అది లేతవయస్సున కాన్పు. బ్రిటిషు ఇండియాలో 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహవయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించెను. నైజాము రాజ్యమునకు అది వర్తింపలేదు. ఆ వయస్సు 18 ఏండ్లగుట 1978 నాటి మాట.

రోగములు తగ్గిన కొలది ఇతర కారణములు పైకి తేలినవి. 2004లో ప్రపంచమున 10 మొదలు 24 ఏండ్ల లోపువారు 26 లక్షల మంది మరణించిరని 2009లో లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించినది. వారిలో నూటికి 97 మంది పేద, మధ్యాదాయ దేశములవారు. మగపిల్లల మరణములలో నూటికి 14 రోడ్డు ప్రమాదముల వలన, ఆడపిల్లల మరణములలో నూటికి 15 గర్భము, కాన్పుల వలన కలిగినవి.

ఇక మనస్సునకు తగులు దెబ్బ. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. ఇట్టి మరణమునకు పరీక్ష ఒక్కటే కారణమనరాదు. ఒంటరితనము, అవమానభయము, చెప్పుకొను తోడు లేకపోవుట కూడ కలియును.

మశూచికి టీకా దొరకినది. ఈ నేటి మరణములకు అట్టి టీకా లేకున్నను, నివారణ మన చేతిలోనిదే. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు మోటారుసైకిలు తాళము ఇయ్యకుందుము. 2019 నాటి చట్టసవరణ అట్లిచ్చిన పెద్దలనే దోషులుగా నెంచినది. బండిపై పోవువారికి హెల్మెట్ పెట్టింతము. ఫలితములు వచ్చిన దినమున బిడ్డను ముందు అన్నమునకు పిలిచి, పిదప మార్కులడుగుదము. దిగులు మితిమీరినచో 14416 అను టెలీమానస్ నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

రేపటి ఉదయమున చౌటుప్పల్ బస్సునకై నిలుచు పిల్లలందరును సాయంకాలమునకు ఇల్లు చేరవలెనని మా కోరిక.