కంపైల్: పోగు నుంచి తర్జుమా దాకా
లాటిన్‌లో ‘కంపిలారే’ అంటే దోచుకోవడం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది నానా గ్రంథాల నుంచి ఏరి కూర్చడమైంది. 1952లో కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ తన ఏ-జీరోను కంపైలర్ అన్నదీ ఆ అర్థంలోనే: సిద్ధంగా ఉన్న చిన్న ప్రోగ్రాములను అది ఒకచోట చేర్చేది. ఇప్పుడు టైప్‌స్క్రిప్టును జావాస్క్రిప్టుగా మార్చడమూ కంపైలే. ఇక్కడ పోగుచేసేది తక్కువ, తర్జుమాయే ఎక్కువ.

ఇలాంటి తర్జుమా పని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు కొత్త కాదు. దంతేవాడ దంతేశ్వరి గుడిలో బస్తర్ రాజు దిక్పాలదేవుని కాలపు 1703 నాటి శాసనం సంస్కృతంలోనూ ఉంది, ‘భాష’లోనూ, అంటే జనం మాట్లాడే నుడిలోనూ ఉంది. సంస్కృతం చదివేవారు తక్కువ కనుక భాషలో రాయించామని ఆ రాయే చెబుతుంది. బ్రౌజరు సంగతీ అంతే, దానికి టైప్‌స్క్రిప్టు రాదు. యంత్రభాష దాకా దిగనిది కంపైల్ కాదు, ట్రాన్స్‌పైల్ అనాలని కొందరి వాదన. మరి సీ ప్లస్ ప్లస్ తొలి కంపైలర్ సీఫ్రంట్ ఇచ్చిందీ సీ కోడే కదా! వ్యాకరణం, టైపులు సరిచూసి తప్పు పట్టేది కంపైలరే. ఏ మెట్టుదాకా దిగిందన్నది తర్వాతి మాట. శాసనానికీ ఈ కంపైలుకూ తేడా వేరేచోట ఉంది. దంతేవాడలో రెండు పాఠాలూ మిగిలాయి. టైప్‌స్క్రిప్టు అమరికల ఫైలు టీఎస్‌కాన్ఫిగ్‌లో టార్గెట్ ‘ఈఎస్2015’ అని పెడితే అసింక్ ఫంక్షన్లు జనరేటర్లవుతాయి, టైపులు పూర్తిగా చెరిగిపోతాయి. బ్రౌజరులో మూల టైప్‌స్క్రిప్టు చూస్తూ తప్పు వెతకాలంటే, రెండు పాఠాలనూ జతపరిచే సోర్స్‌మ్యాప్ కూడా ఆన్ చేసుకోవాలి.