ఏ కీ తర్వాత ఏ కీ?

ఈ వారం నేనెంచుకున్న విషయం వినడానికి కాస్త పొడిగా ఉంటుంది. కంప్యూటరులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి, కీబోర్డు మీదా మౌసు మీదా మనిషి చేసిన పనులన్నిటినీ వరసగా, వేళతో సహా రాసిపెట్టుకోవడం ఎలా మొదలైంది, ఎందుకు అవసరమైంది అన్నది. మన ఇళ్ళల్లో సగం మంది సాఫ్ట్‌వేరు వాళ్ళు, మిగతా సగం మంది ఆ గోల రోజూ భోజనాల దగ్గర వింటున్నవాళ్ళు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

డాలస్ నుంచి తూర్పుగా వంద మైళ్ళు వెళితే టైలర్ అనే ఊరు వస్తుంది. గులాబీ తోటలకి పేరు. అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో 1986లో థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఉండేది. తయారుచేసింది కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్. ఇలాంటివి అమెరికా, కెనడాల్లో మొత్తం పదకొండు. యంత్రాన్ని నడిపేది పీడీపీ-11 కంప్యూటరు. ఆపరేటరు పక్క గదిలో టెర్మినల్ ముందు కూర్చుని వివరాలు టైపు చేస్తుంది.

మార్చి 21న ఒక రోగికి చికిత్స. ఆయనకివ్వాల్సింది ఎలక్ట్రాన్ కిరణాలు, అంటే ‘ఈ’ నొక్కాలి. ఎక్కువ మందికి ఎక్స్‌రే చికిత్సే గనక ఆపరేటరు అలవాటు కొద్దీ ‘ఎక్స్’ నొక్కింది. వెంటనే చూసుకుని, పైకి బాణం ఉన్న కీతో వెనక్కి వెళ్ళి ‘ఈ’గా మార్చి, మిగతా వాటికి రిటర్న్ కీ టకటకా నొక్కుకుంటూ కిందికి వచ్చేసింది. తెర మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘బీ’ నొక్కితే కిరణం మొదలవాలి. నొక్కింది. యంత్రం ఆగి ‘మాల్‌ఫంక్షన్ 54’ అని చూపించింది. ఇవ్వాల్సినదానికంటే చాలా తక్కువ మోతాదే వెళ్ళినట్టు తెర చెబుతోంది. ఇలాంటి సందేశాలు ఆ యంత్రానికి మామూలే. కొనసాగించడానికి ‘పీ’ నొక్కింది. మళ్ళీ అదే. లోపల రోగి వీపు మీద కాలి, లేవబోతుంటే రెండో దెబ్బ తగిలింది. ఆయన తలుపు బాదేదాకా బయట ఎవరికీ తెలియలేదు. గదిలోని కెమెరా తెరకి ఆ రోజు ప్లగ్ పెట్టలేదు, మాటలు వినిపించే సాధనం పనిచేయడం లేదు. 180 రాడ్లు అందాల్సిన చోట 16,500 నుంచి 25,000 దాకా పడి ఉంటుందని తరవాత లెక్కగట్టారు. ఆయన అయిదు నెలల తరవాత చనిపోయారు.

మర్నాడు కంపెనీ ఇంజనీర్లు వచ్చి రోజంతా పరీక్షించారు. 54 రాలేదు. ఈ యంత్రం అంత మోతాదు ఇవ్వడం అసంభవం అన్నారు. కరెంటు షాకేమోనని ఆ కోణంలోనూ వెతికించారు, అదీ కాదని తేలింది. ఏప్రిల్ 7న యంత్రం మళ్ళీ పనిలో పడింది. నాలుగు రోజులకే, ఏప్రిల్ 11న, అదే ఆపరేటరు, అదే దిద్దుబాటు, అదే 54, ఇంకొక రోగి. ఆయన మూడు వారాలు కూడా బతకలేదు.

నన్ను ఈ కథలో పట్టి ఉంచేది దీని తరవాతి భాగం. ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేగర్ యంత్రాన్ని వెంటనే ఆపించి, ఆ ఆపరేటరుతో పాటు టెర్మినల్ ముందు కూర్చున్నారు. ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో ఆమెకి గుర్తుంది. ఇద్దరూ మళ్ళీ మళ్ళీ అదే వరస నొక్కారు. చివరికి తెలిసింది: వరస ఒక్కటే చాలదు, వేగం కూడా కావాలి. అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు ఎనిమిది సెకండ్లు పడుతుంది. ఆ లోపల దిద్దుబాటు ముగించేస్తే తెర మారుతుంది గాని, ప్రోగ్రాములో ఒక భాగానికి ఆ సంగతి తెలియదు. ఎలక్ట్రాన్లకని పళ్ళెం తిరుగుతుంది, కిరణం మాత్రం ఎక్స్‌రేకి కావలసినంత తీవ్రతతోనే వస్తుంది. అది సుమారు వంద రెట్లు. కంపెనీ వాళ్ళకి ఫోను చేసి వేగంగా టైపు చేయండని చెబితే, మర్నాటికల్లా వాళ్ళకీ వచ్చింది.

గమనించండి, దీనికంతటికీ ఆధారం ఒక మనిషి జ్ఞాపకం. రెండో ప్రమాదంలో ఆమె స్థానంలో నిదానంగా టైపు చేసేవారు ఉంటే? ఆమెకి గుర్తు లేకపోతే? నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ఈ ప్రమాదాల మీద రాసిన పరిశోధన వ్యాసంలో ఒక పాఠం ఇదే: ఏం జరిగిందో వెనక్కి వెళ్ళి చూసుకునే రికార్డు ప్రోగ్రాములో మొదటినుంచే ఉండాలి. ఏప్రిల్లో కంపెనీ పంపిన తాత్కాలిక పరిష్కారం మాత్రం వేరు. పైకి బాణం కీ టోపీ పీకేసి, కాంటాక్టులు కలవకుండా టేపు వేయమన్నారు! వెర్రిగా అనిపిస్తుంది గాని, నేరం ఎక్కడుందో ఆ టేపే చెబుతోంది.

దీనికి ఒక పిట్టకథ కూడా ఉంది. దీనికి అన్నలాంటి థెరాక్-20లోనూ ఇదే బగ్ ఉంది. చికాగో విశ్వవిద్యాలయంలో కొత్త విద్యార్థుల బ్యాచి వచ్చినప్పుడల్లా ఆ యంత్రం ఫ్యూజులు ఎగిరిపోయేవి. కొత్తవాళ్ళు కీలు ఎలా పడితే అలా నొక్కేవారు. పాత యంత్రంలో విడిగా రక్షణ వలయాలున్నాయి గనక ఫ్యూజు పోయేదే తప్ప మనిషికేమీ కాలేదు. కొత్తదానిలో ఆ వలయాలు తీసేసి, బరువంతా సాఫ్ట్‌వేరు మీద పెట్టారు.

అప్పట్లో ఇలా రాసిపెట్టుకోవడం తెలియదా అంటే, తెలుసు. 1983లో ఆపిల్‌లో మాకింటోష్ తయారవుతుండగా స్టీవ్ క్యాప్స్ ‘మంకీ’ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. కొనుగోలుదార్లకి చూపించే ప్రదర్శన కోసం మౌసు కదలికలు, క్లిక్కులు రికార్డు చేసి మళ్ళీ ఆడించే ఏర్పాటు మాకింటోష్‌లో అప్పటికే ఉంది. అదే దారిలో ఈయన అర్థంపర్థం లేని క్లిక్కులు, కీలు కుమ్మరించాడు. కోతి కీబోర్డెక్కినట్టే. అలా వదిలేస్తే మెమరీ తక్కువపడ్డప్పుడు వచ్చే బగ్గులు బయటపడేవి. చికాగో విద్యార్థులు తెలియక చేసిన పని ఇక్కడ తెలిసి చేశారన్నమాట.

మన వాళ్ళకి ఈ విద్య అమీర్‌పేట ద్వారా వచ్చింది. రెండువేల మొదట్లో అక్కడ మైత్రీవనం చుట్టుపక్కల ‘టెస్టింగ్ టూల్స్’ అని బోర్డులుండేవి. నేను నేర్చుకున్నదీ అక్కడే. మెర్క్యురీ కంపెనీ వారి విన్‌రన్నర్‌లో రికార్డు చేయడానికి రెండు పద్ధతులు. ఒకటి, ఏ బటన్ నొక్కారో పేరుతో రాసుకునేది. రెండోది అనలాగ్, మౌసు తెర మీద ఏ దారిన పోయిందో ఉన్నదున్నట్టు రాసుకునేది. ‘అనలాగ్ జోలికి పోకండి, కిటికీ ఒక్క అంగుళం జరిగితే చెడుతుంది’ అనేవారు మా మాస్టారు. నిజమే. కాని ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్నే అడిగేవారు! 2006లో మెర్క్యురీని హెచ్‌పీ కొనుక్కుంది. విన్‌రన్నర్ కాలగర్భంలో కలిసింది.

లైనక్స్ సంగతి ఇంకా ముచ్చటైనది. అందులో ప్రతి కీ, మౌసు, టచ్‌ప్యాడ్ నుంచి కెర్నెల్‌కి వచ్చే ప్రతి ఈవెంటులో నాలుగే విషయాలు: ఎప్పుడు, ఏ రకం, ఏ కోడ్, ఎంత విలువ. వేళ మైక్రోసెకండ్లలో ఉంటుంది. కీ నొక్కితే 1, వదిలితే 0, నొక్కి పట్టుకుంటే 2. ‘లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్’ అనే కమాండు వీటిని మామూలు అక్షరాల ఫైలుగా రాస్తుంది. ఆ ఫైలు ప్రపంచంలో ఎవరికి పంపినా, వాళ్ళు తమ కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి టచ్‌ప్యాడ్ సృష్టించి మీ వేళ్ళ కదలిక మళ్ళీ ఆడించి చూడగలరు. లాప్‌టాప్ పార్సిల్ చేయనక్కరలేదు.

గుంటూరులో మా బాబాయికి ఇది పనికొచ్చింది. రిటైరైన లెక్చరరు, పాత లాప్‌టాప్, కొడుకు లైనక్స్ వేసి ఇచ్చాడు. బాణం గుర్తు దానంతటదే గెంతుతోందని ఆయన, ‘నువ్వే ఏదో తగిలించి ఉంటావు నాన్నా’ అని అమెరికా నుంచి వాడు. ఇది నెలరోజులు నడిచింది. చివరికి నేను బాబాయి చేత రెండు రికార్డులు చేయించాను, ఛార్జరు పెట్టి ఒకటి, తీసి ఒకటి. రెండింటిలోనూ ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఛార్జరు పెట్టిన ఫైలులో మాత్రం ఎవరూ వేయని వేళ్ళు బోలెడు పడ్డాయి. ఆ గదిలో ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేశాక గెంతులు ఆగాయి. ‘చూశావుట్రా, నేను ముట్టుకోలేదని ఫైలే చెప్పింది’ అని ఆయన కొడుక్కి ఎన్నిసార్లు ఫోను చేశారో లెక్కలేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కీలన్నీ రాసుకునే పని దొంగ చేస్తే దాన్నే కీలాగర్ అంటారు. బ్యాంకు పాస్‌వర్డు కూడా కీలే కదా. అందుకే లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్‌లో మీరు ఏ అక్షరం నొక్కినా, ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఫైలులో ‘ఏ’ అనే పడుతుంది. వేళ మాత్రం చెక్కుచెదరదు. బగ్ పట్టడానికి చాలాసార్లు అదే సరిపోతుంది. అయినా ఎవరైనా ఇలాంటి ఫైలు అడిగితే పంపేముందు ఒకసారి తెరిచి చదవండి. రికార్డు నడుస్తున్నంతసేపూ పాస్‌వర్డులు కొట్టకండి. పని అయ్యాక కంట్రోల్-సీ నొక్కి ఆపడం మరచిపోకండి.

సెలవు.